చాయ్‌కి పంపే సిస్టర్

ఆమె ఎవరినీ కల్లు తాగుతారా అని అడగలేదు. దవాఖానలో ఆమె కింద నర్సుగా నాలుగేళ్లు పనిచేశాను, ఒక్కసారి కూడా ఆ ప్రశ్న ఆ నోట వినలేదు. ముందు మంచం చుట్టూ మూగిన చుట్టాలందరినీ చాయ్ తాగి రమ్మని పంపించేది. వాళ్లు వార్డు గుమ్మం దాటాక ఇనుప స్టూలును బరబరా ఈడ్చుకొచ్చి, మంచం పక్కన వేసుకుని కూర్చుని, ఊరి ముచ్చట పెట్టినట్టు మెల్లగా మొదలుపెట్టేది.

"పెద్దమ్మా, మీ ఇంటికెంచి కల్లు దుకాణం ఎటు దిక్కు?"

పెద్దమ్మ ఆలోచించకుండా చెయ్యెత్తి దిక్కు చూపించేది. మాపటికి ఎవరు తెస్తరు, సీసానా రెండా, తాగని రోజు నిద్ర పడుతదా అని ఒకదాని వెంట ఒకటి అడిగేది. అందులో తప్పు పట్టే గొంతు ఉండేది కాదు. మీ బావిలో నీళ్లున్నయా అని అడిగితే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. చుట్టాలు చాయ్ తాగి వచ్చేసరికి స్టూలు మళ్లీ గోడ పక్కకు చేరేది, కాగితం మీద రాయాల్సింది రాసి ఉండేది.

పోయిన నెల ఆలూరు నుంచి ఫోను వచ్చింది. ఆమె చనిపోయిందని చెప్పారు. పొద్దున లేచి కోళ్లకు నూకలు వేసి, అరుగు మీద కూర్చుని, అట్లాగే పోయిందట. అంత సులువుగా పోవడం ఎంతమందికి దొరుకుతుంది? ఎందరి చావులనో చేత్తో పట్టి ఆపిన మనిషికి ఆ మాత్రం మర్యాద దక్కిందని నాకు సంతోషమే అనిపించింది. ఫోను పెట్టేశాక ఎంతసేపు ఏడ్చానో మాత్రం చెప్పను.

మేము పనిచేసిన దవాఖాన మొయినాబాద్ దాటాక రోడ్డు పక్కనే ఉండేది. ఇప్పుడు అక్కడ ఫంక్షన్ హాలు ఉంది. మగవాళ్ల వార్డు ఉన్నచోట ఇప్పుడు పెళ్లి భోజనాలు వడ్డిస్తారు. అప్పట్లో మా చుట్టుపక్కల ఊరికి పదిమంది అమీర్‌పేటకు పోయి కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. పొద్దునా సాయంత్రం పసుపుపచ్చ కాలేజీ బస్సులు మా కిటికీల ముందు నుంచి వరసగా పోయేవి. మా తమ్ముడు కూడా అమీర్‌పేటలో కిరాయి గదిలో ఉండి జావా నేర్చుకునేవాడు. నేను నర్సింగ్ చేసినందుకు నన్ను చూసి జాలిపడేవాడు.

ఆ బస్సులను కూడా ఆమె పనికి వాడుకుంది. ఆపరేషన్ అయిన మర్నాడు నడవమంటే ఎవరూ నడవరు. కుట్లు తెగుతాయని భయం. నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుందని నేను పాఠం చదివినట్టు చెప్పేదాన్ని. వాళ్లు తలూపి అటు తిరిగి పడుకునేవాళ్లు. ఆమె వచ్చి, కిటికీ దాకా పోయి ఎన్ని బస్సులు పోయాయో చూసి చెప్పమనేది. మూడు పోయాయని ఒకరు, కాదు నాలుగని పక్క మంచం వాళ్లు. సాయంత్రానికి మొత్తం వార్డు కిటికీ దగ్గరే నిలబడి ఉండేది.

మనిషి పొట్టి. కొప్పులో పెన్ను గుచ్చుకునేది, గుచ్చుకున్నానని మరిచిపోయి వార్డంతా వెతికేది, దొరకక ఇంకోటి తెచ్చుకునేది. మధ్యాహ్నానికి ఒక్కోసారి కొప్పులో మూడు పెన్నులుండేవి. మేము చెప్పేవాళ్లం కాదు. గొంతు కొంచెం బొంగురు. రోగి మంచం ఎక్కగానే ఆ మనిషి చెప్పులు తీసి, మంచం కింద తలుపు వైపు తిప్పి పెట్టేది. ఎందుకని అడిగితే, లేచి దిగంగనే తొడుక్కొని పోవాలె గద అనేది. కొత్త చెప్పులు, దవాఖాన చెప్పులు వేసి నడిపించనిచ్చేది కాదు. ఎవరి చెప్పు వాళ్ల కాలికి తెలుసని, పడిపోకుండా ఉంటారని ఆమె లెక్క. అది నిజమే. తలుపు వైపు తిప్పడం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

ఒకసారి మా పక్కనే ఉన్న ప్రొద్దుటూరు నుంచి ఒక ముసలాయన వచ్చాడు, న్యుమోనియా. కొత్తగా వచ్చిన డాక్టరు ఆయన్ని ఈ రోజు తారీఖు ఎంత అని అడిగాడు. ఆయన చెప్పలేదు. నెల ఏది అన్నాడు. అదీ చెప్పలేదు. స్పృహ సరిగా లేదని డాక్టరు రాయబోతుంటే ఆమె అడ్డుపడి, బాపూ, ఇప్పుడు మీ చేన్ల ఏం నడుస్తున్నది అని అడిగింది. బీట్‌రూటు అన్నాడు. ఏ మడికి నిన్న నీళ్లు పారాయో, ఏ మడికి రేపు కట్టాలో, కొడుకు ఏ మడి మరిచిపోతాడో దగ్గుకుంటూనే మొత్తం చెప్పాడు. ఆమె డాక్టరు వైపు తిరిగింది. ఆయన జన్మలో క్యాలెండర్ చూడలేదని, తెలివి మంచిగనే ఉన్నదని, అట్లా రాయమని చెప్పింది. ఆ డాక్టరు మంచివాడు. రాసిన అక్షరాలు కొట్టేశాడు.

ఇక కల్లు సంగతి. మా వైపు కల్లులో చెట్టు నుంచి దిగింది ఎంతో, నిద్రమందు కలిపింది ఎంతో తాగేవాళ్లకు తెలియదు. రోజూ తాగే మనిషి దవాఖానలో పడ్డాడంటే అది ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రోజు ఏమీ కాదు. రెండో రోజు కొంచెం చెమట, చిరాకు. మూడో రోజు చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఒక్కోసారి ఫిట్సు వస్తాయి. ఆపరేషన్ అయిన కడుపుతో ఫిట్సు వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ముందే తెలిస్తే పెద్ద పని కాదు, మాత్రలున్నాయి, రోజురోజుకూ తగ్గించుకుంటూ పోతే సరిపోతుంది. తెలియకపోతే డాక్టర్లు ఇంకేదో అనుకుంటారు, ఇంకేదో మందు ఇస్తారు. అందుకే ఆ ఒక్క జవాబు నిజంగా కావాలి. దాన్ని మొగుడి ముందు, కోడలి ముందు, పాస్టరు ముందు ఎవరూ నిజంగా చెప్పరు. అందుకే చాయ్.

మా దవాఖానకు కూడా కంప్యూటర్ వచ్చింది. సిటీ నుంచి ఒక ఇంజనీరు వచ్చి అడ్మిషన్ ఫారం అందులో ఎక్కించాడు. వార్డులో అందరికంటే వేగంగా టైపు చేసేది నేనే. తమ్ముడి జాలికి అది నా జవాబు. ఫారంలో మద్యం అని ఒక వరస, పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. ఆమె కళ్లజోడు పెట్టుకుని స్క్రీను చూసి ఇంకో గడి కావాలంది. అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు అని. ఇంజనీరుకు అర్థం కాలేదు. అది రోగి సమాచారం కాదు కదా అన్నాడు. అదే అసలు సమాచారం అని ఆమె. అట్లాంటి గడి కుదరదని అతను బ్యాగు సర్దుకుని పోయాడు.

ఆమె మర్నాటి నుంచి ప్రింటు తీసిన ప్రతి కాగితం అంచున కొప్పులోంచి పెన్ను తీసి రాసేది. పక్కన భర్త. పక్కన కోడలు, ఆడపడుచు. పక్కన ఎవరూ లేరు. ఎవరూ లేరు అని ఉన్న కాగితాన్నే నమ్మేది. మిగతావాటిని మళ్లీ అడగాల్సినవాటిలో పెట్టుకునేది. నాకు అది మొండితనంగా కనిపించేది. అంత చక్కటి ప్రింటును చేతిరాతతో పాడుచేస్తుందని మనసులో విసుక్కునేదాన్ని.

అట్లాంటి రోజుల్లో మా అమ్మకు పిత్తాశయంలో రాళ్లు పడ్డాయి.

మాది ముడిమ్యాల. నాన్న నేను చదువుకునే రోజుల్లోనే పోయాడు. చేన్లో క్యారెట్, కొత్తిమీర, టమాట, అన్నీ అమ్మే చూసుకునేది. ఆదివారం చర్చిలో ఆడవాళ్ల కూటానికి అమ్మే పెద్ద. వాక్యం చదివితే మైకు అక్కరలేదు. తాగి వచ్చిన మా చిన్నాయనను ఊరందరి ముందు నిలబెట్టి కడిగేసిన మనిషి. ఆ రోజు నుంచి చిన్నాయన మా గల్లీలోకి రావాలంటే చుట్టూ తిరిగి వచ్చేవాడు. అట్లాంటి అమ్మను నేను కల్లు తాగుతావా అని అడుగుతానా? అడగలేదు. ఫారం నేనే టైపు చేశాను. మద్యం దగ్గర కాదు మీద టిక్కు పెట్టి, ప్రింటు తీసి సిస్టర్ చేతికిచ్చాను.

ఆమె చదివింది. పెన్ను తీసి అంచున రాసింది. పక్కన కూతురు. రాసింది కూడా కూతురే.

నాకు కోపం వచ్చింది. ఆమె మా అమ్మ, నాకు తెలియదా అన్నాను. ఆమె నా మొహం చూసి, కిందికి వంగి అమ్మ చెప్పులను తలుపు వైపు తిప్పి, పక్క మంచానికి పోయింది.

ఆపరేషన్ బాగా జరిగింది. నేను సెలవు పెట్టి అమ్మ పక్కనే కూర్చున్నాను. కూర్చోవడమంటే మామూలుగా కాదు. మంచి కూతురు ఎట్లా ఉంటుందో లోకానికి చూపించాలన్నట్టు కూర్చున్నాను. తమ్ముడు కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక పెద్ద ఫ్లాస్కు కొనిచ్చాడు. దాంట్లో పొద్దున్నే చాయ్ నింపుకుని మంచం పక్కన పెట్టుకునేదాన్ని. మొదటి రోజు సిస్టర్ వచ్చి, పోయి చాయ్ తాగి రాపో అంది. నేను ఫ్లాస్కు ఎత్తి చూపించాను. రెండో రోజు మళ్లీ వచ్చింది, మళ్లీ అదే మాట. మళ్లీ ఫ్లాస్కే చూపించాను. ఆ మాటకు అర్థం తెలిసిన నర్సును, వార్డులో ఎంతమందికో నేనే చెప్పినదాన్ని, మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి అది నాకు తట్టనే లేదు.

మూడో రోజు పొద్దున పదకొండు గంటలకు అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి, క్యారెట్ కుప్ప ఎండకు పెట్టినవేందే, ఆకు తెంపు, బండి వస్తది అంది. ఎక్కడ అమ్మా క్యారెట్ అన్నాను. ఇగో అని దుప్పటి చూపించింది. చెమటతో జాకెట్ తడిసిపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. దుప్పటి కొసలను క్యారెట్ ఆకు తెంపినట్టు తెంపుతూ, చేతికున్న సెలైన్ పైపు దొరికితే దాన్నీ గుంజింది. రక్తం చిమ్మింది.

నేను పరుగెత్తాను. డ్యూటీ డాక్టరు వచ్చాడు. జ్వరం లేదు. తలలో ఏదో అయి ఉంటుంది, మత్తు ఇంజక్షన్ ఇచ్చి పడుకోబెట్టి, సిటీకి పంపి మెదడు స్కానింగ్ చేయిద్దాం అన్నాడు. అంబులెన్సుకు ఫోను చేయమన్నాడు. ఈలోపల పైపులు పీకకుండా చేతులు కట్టమన్నాడు. నేనే కట్టాను. మా అమ్మ చేతులను నేనే బ్యాండేజీ గుడ్డతో మంచం పట్టీకి కట్టాను. అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఎవరమ్మా నువ్వు, నా చేతులు ఇడువు, పనున్నది అంది. ఇప్పటికీ ఆ గొంతు నాకు వినబడుతుంది.

సిస్టర్ ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చింది. వస్తూనే మొదటి పని అమ్మ చేతుల కట్టు విప్పింది. వంటగదికి మనిషిని పంపి నాలుగు మెంతికూర కట్టలు తెప్పించి అమ్మ ఒళ్లో పెట్టింది. అమ్మ వాటిని చూసి, గిదేం క్యారెట్, మెంతి గద అని గొణిగి, ఆకు తెంపడం మొదలుపెట్టింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి, కానీ పైపు జోలికి పోలేదు. ఆ పక్కనే సిస్టర్ తన పని కానిచ్చింది. వేలు గుచ్చి షుగర్ చూసింది. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసింది. కడుపు మీది కట్టు తొలగించి కుట్లు చూసింది, కడుపు నొక్కి చూసింది, మూత్రం సంచి ఎత్తి చూసింది. నాడి, బీపీ పెరిగాయి. మిగతావన్నీ సరిగా ఉన్నాయి. కొప్పులో రెండు పెన్నులతో అక్కడే నిలబడి కాసేపు అమ్మ చేతులనే చూసింది.

డాక్టరును ఇరవై నిమిషాలు ఆగమని అడిగింది. ఇంజక్షన్ కూడా ఆపమంది. ఆయన గడియారం చూసుకుని సరే అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగింది.

"పో. చాయ్ తీస్కరా."

"నాకు వద్దు సిస్టర్."

"నీకు కాదు. నాకు."

ఫ్లాస్కు తీసుకుని వెళ్లాను. రోడ్డు దాటి క్యాంటీనుకు పోయేసరికి తెలిసిపోయింది. ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. చెమట, వణుకు, మూడో రోజు. వేరే మంచం మీద వేరే ఎవరైనా అయి ఉంటే గుమ్మంలో నుంచే కనిపెట్టేదాన్ని. క్యాంటీనాయన ఫ్లాస్కు నింపుతుంటే బెంచీ మీద కూర్చున్నాను. ఆ అంబులెన్సు కదిలి, గంట ప్రయాణంలో దారి మధ్యలో అమ్మకు ఫిట్సు వచ్చి ఉంటే ఏమయ్యేది? టిక్కు పెట్టింది నేను.

ఫ్లాస్కు నిండా చాయ్ తీసుకుని తిరిగొచ్చేసరికి అంబులెన్సుకు వద్దని చెప్పేశారు. డాక్టరు మందు మార్చి రాస్తున్నాడు. స్టూలు గోడ పక్కన ఉంది. సిస్టర్ నన్ను వరండాలోకి తీసుకుపోయి, నిజంగానే గ్లాసులో చాయ్ పోసుకుని తాగింది. అప్పుడు చెప్పింది. ఆకు తెంపుకుంటూనే అమ్మ అంతా చెప్పిందట. కల్లు నాన్న పోయినప్పటి నుంచి అట. నిద్ర కోసం మొదలైందట. పక్కింటావిడ పాల క్యానులో తెచ్చిస్తుందట.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. చిన్నాయనను కడిగేసిన అమ్మ, మైకు అక్కరలేని అమ్మ. ఇన్నేళ్లు నా కళ్లలో దుమ్ము కొట్టింది, అడుగుతాను, లేచి కూర్చోనీ అడుగుతాను అన్నాను. ఆమె గ్లాసు గోడ మీద పెట్టింది.

"ఇను. నర్సుగ నీకు తెలవాలె, మందులు నువ్వే ఇయ్యాలె. బిడ్డగ నీకు తెల్వది. సమజైందా?"

ఎట్లా సిస్టర్ అన్నాను.

"ఎట్లనా? నోరు మూసుకోని. ఆమె నిన్ను మోసం చెయ్యలే. నీ ముంగట తలెత్తుకోని ఉండాలనుకున్నది. గంతే. ఆ తల నువ్వు దించకు."

తరవాత, తప్పు తనది కూడా అంది. రెండుసార్లు చాయ్‌కి పొమ్మన్నానని, నువ్వు ఫ్లాస్కు చూపిస్తే ఊరుకున్నానని, స్టాఫ్ తల్లి కదా అని మొహమాటపడ్డానని చెప్పింది. వేరేవాళ్లయితే చెయ్యి పట్టుకుని బయటికి నడిపించేదాన్ని అంది. అంత పెద్దామె నా ముందు తప్పు ఒప్పుకోవడంతో నా కోపం ఏమైపోయిందో తెలియదు.

మందు పడింది. ఆ సాయంత్రానికి వణుకు తగ్గింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మ కళ్లు తెరిచి, తిన్నవా బిడ్డా అంది. తిన్నానమ్మా అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. మాట్లాడకుండా ఉండడం ఎంత కష్టమైన పనో అప్పుడే తెలిసింది. ఇంజక్షన్ చేయడం నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది, ఇది నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రోజు వార్డు మొత్తానికి మెంతికూర పప్పు వండారు. అమ్మకూ ఒక గిన్నె పంపారు. ఎవరు తెంపారో ఇంత కాడలతో తెంపారని అమ్మ వంక పెట్టింది.

అసలు తమాషా ఆ తరవాత. డిశ్చార్జి అప్పుడు సిస్టర్ అందరి ముందు, కుట్టు జర నిదానంగ మానుతది, వారం వారం డ్రెస్సింగుకు రావాలె అని గట్టిగా చెప్పింది. కుట్టు అప్పటికే చక్కగా మానింది. అమ్మ మాత్రం వారం వారం బస్సెక్కి మొయినాబాద్ వచ్చేది. సిస్టర్ ఆమెను డ్రెస్సింగ్ గదిలోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వేసేది. అరగంట ఉండేవాళ్లు. డాక్టరు రాసిన ప్రకారం మాత్ర సగం తగ్గేది, పావు తగ్గేది. మిగతా సమయం ఏం మాట్లాడుకునేవాళ్లో, నవ్వులు మాత్రం బయటికి వినిపించేవి. అమ్మ బయటికి వచ్చేటప్పుడు మానిన కుట్టు మీద కొత్త దూది, కొత్త ప్లాస్టరు తళతళలాడుతూ ఉండేవి. రెండు నెలలు నడిచింది ఈ డ్రెస్సింగు. ఇదేం కుట్టు అని తమ్ముడు సిస్టర్‌నే అడిగాడు. కొంతమంది తోలు అట్లనే ఉంటది అంది ఆమె, మొహంలో ఏ మార్పూ లేకుండా. నేను మందుల బీరువా వైపు తిరిగి పెదవి కొరుక్కున్నాను.

అమ్మ పూర్తిగా మానేసిందా? నాకు తెలియదు. బిడ్డను కదా. చిన్నాయనతో మాత్రం ఆ ఏడాదే రాజీపడింది. పిలిచి అన్నం పెట్టింది. కూటంలో వాక్యం అదే గొంతుతో చదివేది కానీ, తాగేవాళ్ల మీద మాట్లాడడం మానేసింది. దవాఖాన అమ్ముడుపోయాక సిస్టర్ ఆలూరు పోయి కోళ్లు పెంచుకుంది. క్యారెట్ తీసినప్పుడల్లా అమ్మ ఒక సంచి ఆలూరుకు పంపేది. నేను నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి చేరాను. ప్రతి బ్యాచికి ఒకసారి పుస్తకం మూసేసి, ముందు చాయ్‌కి పంపండి, తరవాత అడగండి, పక్కన ఎవరున్నారో రాయండి అని చెప్తాను. పరీక్షలో రాదు కాబట్టి సగం మంది వినరు.

పోయిన నెల సిస్టర్ మట్టికి అమ్మ కూడా వస్తానంది. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకుని సమాధుల తోట దాకా నడిచింది. పెట్టె మూసేముందు దగ్గరికి పోయి చాలాసేపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, నా కుట్టు మంచిగ మాన్పింది అంది. అవునమ్మా అన్నాను. ఇద్దరం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం.

ఆ తరవాత రెండు వారాలకు ఆ పాత కుట్టు దగ్గరే అమ్మకు కడుపు ఉబ్బింది. హెర్నియా, ఆపరేషన్ చేయాలన్నారు. మా విద్యార్థినులు డ్యూటీ చేసే దవాఖానలోనే చేర్చాను. అడ్మిషన్ రాయడానికి మూడో సంవత్సరం అమ్మాయి వచ్చింది, నా క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్ల. పేరు, వయసు, షుగర్, బీపీ అన్నీ అడిగింది. రాస్తూ రాస్తూ ఒకచోట పెన్ను ఆగింది. కాగితం చూసింది, అమ్మను చూసింది, నన్ను చూసింది. ఎదురుగా ఉన్నది తన టీచరు. మంచం మీద ఉన్నది టీచరు తల్లి. ఆ పిల్ల నుదుట చెమట పట్టింది. నేను సాయం చేయలేదు. నేను కూడా ఒకప్పుడు ఇక్కడే తప్పాను కదా, ఈ పిల్ల ఏం చేస్తుందో చూడాలని కూర్చున్నాను.

"మేడం," అంది చివరికి, "మీరు జర పోయి చాయ్ తాగొస్తరా?"

నా జన్మలో అంత సంతోషంగా ఎవరి మాటా వినలేదు. మంచం పక్కనున్న ఫ్లాస్కు తీసుకుని లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది.

క్యాంటీనులో ఒక గ్లాసు తాగాను. ఇంకోటి తాగాను. రోడ్డు మీద పోయే బస్సులు లెక్కపెట్టాను. కళ్లు తుడుచుకున్నాను. ఇక చాలు అనిపించాక తిరిగి వెళ్లాను. ఆ పిల్ల పక్క మంచం దగ్గర ఉంది. అమ్మ కాళ్ల దగ్గర కాగితం ఉంది. అంచున చేతిరాతతో ఉన్న మాటలు మాత్రం నా కంట పడ్డాయి. పక్కన ఎవరూ లేరు. పై వరస చూడకుండా కాగితం బోర్లించాను.

అమ్మ మొహం తేటగా ఉంది. ఫ్లాస్కు ఇటియ్యి, ఇంత చాయ్ పొయ్యి అంది. మూత తిప్పి వంచాను. చుక్క రాలేదు. రెండు గ్లాసులు తాగి, ఫ్లాస్కు నింపించడం మరిచిపోయి వచ్చాను.

అమ్మ ఖాళీ గ్లాసును చూసింది, నన్ను చూసింది.

"చాయ్‌కి పోయి ఉత్త ఫ్లాస్కు తెచ్చినవ్," అంది. "ఆ పొద్దు సిస్టర్ పంపినప్పుడన్న నింపుకోని వచ్చినవ్."

నాకు తెలుసన్న సంగతి ఇన్నేళ్లూ నేనే దాస్తున్నాననుకున్నాను. అమ్మ నవ్వుతోంది. వంగి ఆమె చెప్పులు తలుపు వైపు తిప్పి పెట్టి, ఫ్లాస్కు తీసుకుని మళ్లీ క్యాంటీనుకు బయలుదేరాను, ఈసారి నిజంగా చాయ్ కోసమే.